యంగ్ షెల్డన్: అమ్మ ప్రార్థన, కొడుకు లెక్క, నాన్నకి చెప్పని బై

ది బిగ్ బ్యాంగ్ థియరీ అనే అమెరికన్ కామెడీ సీరియల్ చూసినవాళ్లకి, అందులోని మేధావి షెల్డన్ కూపర్ వాళ్ల నాన్న ఎలాంటివాడో ముందే ఒక అభిప్రాయం ఉంటుంది. తాగుతాడు, ఇంట్లో గొడవపడతాడు, భార్యని మోసం చేశాడు, తొందరగా పోయాడు. పన్నెండు సీజన్ల పాటు షెల్డన్ అడపాదడపా చెప్పింది ఇదే. అవతలి పక్షం ఏమంటుందో వినడానికి ఆ మనిషి బతికి లేడు. 2017 సెప్టెంబర్‌లో సీబీఎస్ ఛానెల్ అతని చిన్నతనం కథగా యంగ్ షెల్డన్ మొదలుపెట్టినప్పుడు, హిట్టయిన పాత్రని పట్టుకుని ఇంకో నాలుగు డబ్బులు చేసుకోవడానికే తీశారనిపించడం సహజం, అందులో కొంత నిజం కూడా ఉండే ఉంటుంది. కానీ ఏడు సీజన్లు, 141 ఎపిసోడ్లు నడిచి 2024 మే 16న ముగిసేసరికి తేలింది ఏంటంటే, చిన్నప్పుడు తండ్రి మీద తాను ఇచ్చిన తీర్పుని ఒక కొడుకు మళ్లీ విచారణకి పెట్టుకున్న కథ ఇది. కామెడీ రూపంలో ఉంది కాబట్టి ఆ సంగతి వెంటనే కనబడదు.

చివరి సీజన్ చూడనివాళ్లు ఇక్కడే ఆగిపోవడం మంచిది, ముగింపు జోలికి వెళ్లకుండా ఈ సీరియల్ గురించి చెప్పుకోవడం కుదరదు.

కథ 1989లో, తూర్పు టెక్సస్‌లోని మెడ్‌ఫర్డ్ అనే కల్పిత ఊళ్లో మొదలవుతుంది, పెద్దయిన షెల్డన్ గొంతు దాన్ని చెబుతుంటుంది. తొమ్మిదేళ్ల షెల్డన్ హైస్కూల్లో చేరతాడు, అదీ అన్న జార్జీ చదివే క్లాసులోనే. నాన్న జార్జ్ అదే స్కూల్లో ఫుట్‌బాల్ కోచ్. అమ్మ మేరీ బాప్టిస్ట్ అనే ప్రొటెస్టంట్ క్రైస్తవ శాఖ విశ్వాసి, చర్చిలో పని చేస్తుంది. కవల చెల్లి మిస్సీ, ఎదురింట్లో అమ్మమ్మ, ఆవిణ్ణి అందరూ పిలిచేది మీమా అని. షెల్డన్‌కి దేవుడు లేడు, సైన్స్ ఉంది. అయినా భోజనం ముందు ప్రార్థనకి అందరితో పాటు చేతులు కలుపుతాడు, క్రిములు అంటుకోకుండా చేతికి తొడుగులు వేసుకుని మరీ. మొదటి ఎపిసోడ్‌లో నవ్వు కోసం పెట్టిన దృశ్యమే అయినా ఈ ఇల్లు ఎలా నడుస్తుందో అందులో మొత్తం ఉంది. నమ్మకం లేనివాడు ప్రార్థన మానేయలేదు, నమ్మే తల్లి తొడుగులు తీసేయమని పట్టుబట్టలేదు.

మతం వచ్చేసరికి అమెరికన్ కామెడీలు ఎక్కువగా రెండు దార్లలో ఒకటి పడతాయి. భక్తి ఉన్న పాత్రని మూర్ఖంగా చూపించి నవ్విస్తాయి, లేదంటే చివర్లో అందరి చేతా తల వంచించి కళ్లు తుడుచుకోమంటాయి. యంగ్ షెల్డన్ ఈ రెండూ అక్కడక్కడా చేసింది, చేయలేదంటే అబద్ధమవుతుంది. పాస్టర్ జెఫ్ పాత్రలో సగం వెటకారమే. మొదటి సీజన్ మూడో ఎపిసోడ్‌లో ఆయన, దేవుణ్ణి నమ్మితే పోయేదేమీ లేదు, నమ్మకపోతేనే నష్టం అనే పాస్కల్ పందెం గురించి ప్రసంగిస్తూ, దేవుడు ఉండొచ్చు, లేకపోవచ్చు, కాబట్టి అవకాశం సగానికి సగం అంటాడు. తొమ్మిదేళ్ల పిల్లాడు లేచి, రెండు వీలున్నంత మాత్రాన రెండిటి సంభావ్యతా సమానం ఎలా అవుతుందని నిలదీస్తాడు. గణితంలో పిల్లాడిదే కరెక్టు. కానీ అదే ఎపిసోడ్‌లో నాన్నకి గుండె నొప్పి వచ్చి ఆసుపత్రిలో ఉన్నప్పుడు, చర్చిలో అంత నిబ్బరంగా వాదించిన పిల్లాడే ఆసుపత్రి ప్రార్థన గదిలోకి వెళ్లి కూర్చుంటాడు. అక్కడ వాదనలో గెలిచినవాడిని ఓడించి చూపించే ఉద్దేశం ఏమీ కనబడదు. భయం వేసినప్పుడు ఏం చేయాలో ఆ ఇంట్లో తెలిసిన పద్ధతి అదొక్కటే. అమ్మ ఏం చేస్తుందో రోజూ చూశాడు, అదే చేశాడు.

అదే సీజన్లో షెల్డన్ స్నేహితులతో కలిసి డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట మొదలుపెడితే, దయ్యాలూ భూతాలూ ఉన్న ఆట అని మేరీకి టెన్షన్ పట్టుకుంటుంది. ఇప్పుడు నవ్వొస్తుంది కానీ, 1980లలో అమెరికా అంతటా ఈ ఆట పిల్లల్ని సైతాను వైపు లాగుతుందనే భయం నిజంగానే పాకింది, చర్చిలు, తల్లిదండ్రుల సంఘాలు, టీవీ చర్చలు కలిసి దాన్ని పెంచాయి. మేరీ భయం తన బుర్రలో పుట్టింది కాదు, తన కాలంలోది. ఆమె కొడుకుని సండే స్కూల్‌కి పంపుతుంది. వాడు దాన్ని హోంవర్కులా తీసుకుని ప్రపంచంలోని మతాలన్నీ చదివి, ఏదీ నచ్చక, లెక్కల మీద సొంతంగా ఒక మతం పెట్టేస్తాడు. తల్లి దిద్దబోతే కొడుకు ఇంకో దారిలో దూరం జరిగాడు, కానీ ఇద్దరూ చేసింది ఒకే రకం పని. పట్టుకోవడానికి ఏదో ఒక క్రమం కావాలనుకోవడం ఇద్దరిలోనూ ఉంది. షెల్డన్‌లోని ఆ పట్టుదల తల్లి నుంచి వచ్చిందేనని సీరియల్ నోటితో ఎక్కడా చెప్పకపోయినా, చూస్తుంటే తెలిసిపోతుంది.

అందరికీ గుర్తుండిపోయే ఎపిసోడ్ రెండో సీజన్లోది. చర్చిలో తెలిసినవాళ్ల పదహారేళ్ల అమ్మాయి కారు ప్రమాదంలో చనిపోతుంది. ఆ తల్లిని ఓదార్చాల్సిన మేరీ దగ్గర మాటలు అయిపోతాయి, కొన్నాళ్లకి నమ్మకమే కదిలిపోతుంది. విచిత్రం ఏంటంటే ఇంట్లో ఎవరికీ దీన్ని ఎలా తీసుకోవాలో తెలియదు. మేరీ ప్రార్థన చేయకపోతే ఆ ఇంట్లో ఏదో యంత్రం ఆగిపోయినట్టే ఉంటుంది. చివరికి దేవుడు లేడనే కొడుకే వచ్చి పక్కన కూర్చుని, గురుత్వాకర్షణ ఇప్పుడున్న దానికంటే కాస్త ఎక్కువైనా తక్కువైనా ఈ విశ్వం నిలిచేది కాదు, ఇంత కచ్చితత్వం వెనక ఎవరో ఉన్నారనుకోవడం తర్కానికి విరుద్ధమేమీ కాదని చెబుతాడు. మేరీకి ఆ మాట బుర్రకి ఎక్కుతుంది కానీ మనసుకి తగలదు. అప్పుడు షెల్డన్ ఇంకో లెక్క తీస్తాడు. భూమి మీద ఐదు వందల కోట్ల మంది ఉంటే తనకి సరిగ్గా సరిపోయే అమ్మ దొరకడానికి ఎంత అవకాశం ఉందని అడుగుతాడు.

ఈ మాటని చాలామంది ముద్దు ముద్దు డైలాగుగా పంచుకుంటారు. కాస్త ఆగి చూస్తే అక్కడ జరిగింది ఇంకొంచెం గట్టి విషయం. షెల్డన్ తన అభిప్రాయం మార్చుకోలేదు. తను నమ్మనిదాన్ని అమ్మ నమ్మగలిగేలా, తనకి తెలిసిన భాషలో సాయం చేశాడు. అమ్మ నిలబడాలంటే దేవుడు కావాలి కాబట్టి ఆ కాసేపు దేవుడి తరఫున వకాల్తా పుచ్చుకున్నాడు. ఈ సీరియల్ విశ్వాసాన్ని చూసే తీరు మొత్తం అందులో ఉంది. దేవుడు ఉన్నాడా లేడా అనే ప్రశ్నని అది తేల్చదు, తేల్చాలన్న తొందర కూడా లేదు. నమ్మకం అనేది ఆ కుటుంబంలో ఒకరికోసం ఇంకొకరు చేసే పని, వండి పెట్టడం, కారులో దింపడం లాంటి పనుల పక్కన ఉండే పని. ఇక ఆ పని సమయానికి చేయలేకపోయినప్పుడు మిగిలేదే ఇందులో కనిపించే అపరాధ భావం. దానికి పాపం, నరకం లాంటి మాటలతో పెద్దగా పని లేదు.

చర్చి లోపలి సంగతి మాత్రం అంత మెత్తగా ఉండదు. ఐదో సీజన్లో పదిహేడేళ్ల జార్జీ వయసు ఎక్కువ చెప్పుకుని, వయసు తక్కువ చెప్పుకున్న ఇరవై తొమ్మిదేళ్ల మ్యాండీతో దగ్గరవుతాడు, ఆమె గర్భవతి అవుతుంది. విషయం ఊళ్లోకి పాకగానే, అంతకాలం నమ్ముకున్న సంఘమే మేరీని పక్కన పెడుతుంది, ఉద్యోగం కూడా పోతుంది. ఇదే సంఘం పాస్టర్ జెఫ్ విడాకులనీ, రెండో పెళ్లినీ సర్దుకుంది. మేరీ కుటుంబం దగ్గరికి వచ్చేసరికి సర్దుకోలేకపోయింది. ఇంకో చిక్కు, మేరీ కూడా పెళ్లికి ముందే జార్జీని కడుపున మోసింది. కొడుకు మీద ఆమె కోపంలో సగం తన మీద తనకున్న పాత కోపమే అనిపిస్తుంది, ఆ చర్చి పట్టుదల అంతా ఆ పాత లెక్కని కడిగేసుకునే ప్రయత్నం కూడా అయుండొచ్చు. మ్యాండీకి ఆ రోజుల్లో ఉండడానికి చోటిచ్చింది ఎవరంటే, లాండ్రీ వెనక గదిలో దొంగచాటుగా జూదం నడిపే మీమా. ఈ వ్యంగ్యాన్ని రచయితలు గీత గీసి చూపించకుండా వదిలేశారు, అది మంచిదైంది.

అయితే ఒక ఫిర్యాదు ఉంది. పదిహేడేళ్ల కుర్రాడు, ఇరవై తొమ్మిదేళ్ల మనిషి అనే విషయాన్ని సీరియల్ అబద్ధాల కామెడీలా దాటేసింది. అటు మగ, ఇటు ఆడ అయుంటే ఇంత తేలిగ్గా నవ్వించగలిగేవాళ్లా అన్నది అనుమానమే.

ఇప్పుడు జార్జ్ దగ్గరికి. మొదటి ఎపిసోడ్‌లోనే ఒక చిన్న సంభాషణ ఉంటుంది. గాల్వెస్టన్‌లో కోచ్‌గా ఉన్నప్పుడు ఆటగాళ్లని రూల్స్‌కి విరుద్ధంగా తీసుకుంటున్నారని పై వాళ్లకి చెప్పినందుకు తన ఉద్యోగం పోయిందని జార్జ్ కొడుక్కి చెబుతాడు. స్కూల్లో ఎవరు ఏ రూల్ తప్పారో లెక్కపెట్టి అందరితో తిట్లు తినే కొడుక్కి, నాన్న కూడా రూల్స్ మనిషే, దానికి మూల్యం కట్టినవాడే అని అప్పుడు తెలుస్తుంది. పుస్తకాలు, అయస్కాంతాలు, రైళ్లు ఏవీ జార్జ్‌కి అర్థం కావు, కానీ అర్థం కాని కొడుకుని అర్థమైనట్టు నటించకుండా భరిస్తాడు. లాన్స్ బార్బర్ ఆ పాత్రని చేసిన తీరులో పెద్ద మాటలు ఉండవు. ఒక నిట్టూర్పు, ఫ్రిజ్ తలుపు తీసి బీరు అందుకోవడం, సరేలే అనడం. ఏడు సీజన్ల తర్వాత ఆ నిట్టూర్పులన్నీ కలిపితే ప్రేమ అని తెలుస్తుంది, షెల్డన్‌కి మాత్రం అది లెక్కకి రావడానికి ముప్పై ఏళ్లు పట్టింది.

పెద్ద సీరియల్‌లో, అంటే బిగ్ బ్యాంగ్ థియరీలో, దీనికి ముందే ఒక సూచన ఉంది. 2018లో వచ్చిన ఎపిసోడ్‌లో షెల్డన్ తన చిన్నప్పటి వీడియో క్యాసెట్ ఒకటి పెట్టుకుంటాడు. అందులో తన మాటల మీద నాన్న ఆట టేపు రికార్డయిపోయి ఉంటుంది. సగం ఆటకి ఓడిపోతున్న కుర్రాళ్లకి డ్రెస్సింగ్ రూమ్‌లో జార్జ్ ధైర్యం చెబుతుంటాడు. తన ఓటమితో కుంగిపోయి ఉన్న షెల్డన్‌కి ఆ మాటలు ఎప్పుడూ లేనట్టు తగులుతాయి. ఎవరో కుర్రాళ్లకి చెప్పిన మాటలు, చెప్పినవాడు లేడు, విన్నవాడికి నలభై దగ్గర పడుతోంది.

ఇక మోసం సంగతి. షెల్డన్ ఎవరి తలుపైనా మూడుసార్లు కొట్టడం అందరికీ తెలిసిన అలవాటు. పదమూడేళ్లప్పుడు ఇంటికొచ్చి తలుపు తీస్తే నాన్న ఇంకో ఆడమనిషితో కనిపించాడని, అప్పటినుంచే ఈ అలవాటని పెద్ద సీరియల్‌లో అతనే చెప్పాడు. యంగ్ షెల్డన్ చూసేవాళ్లు ఆ మోసం ఎప్పుడు జరుగుతుందా అని ఏళ్ల తరబడి ఎదురుచూశారు. పక్కింటి బ్రెండాతో జార్జ్ చనువు పెరిగినప్పుడు, అటు మేరీకి యువ పాస్టర్ రాబ్‌తో స్నేహం కుదిరినప్పుడు, ఇదే ఆ మలుపు అనుకున్నారు. చివరి సీజన్లో తేలింది వేరు. తలుపు తీసిన పిల్లాడికి కనిపించిన ఆడమనిషి బంగారు రంగు జుట్టు విగ్గు పెట్టుకున్న మేరీయే, భార్యాభర్తల సరదా వేషం అది. పిల్లాడు గుర్తుపట్టలేదు.

దీన్ని కొందరు పాత కథకి వేసిన అతుకు అన్నారు. అతుకే. రచయితలకి జార్జ్ మీద ఇష్టం పెరిగిపోయి, అతన్ని చెడ్డవాణ్ణి చేయడానికి చేతులు రాలేదని స్పష్టంగా కనబడుతుంది. ఆ ఒక్క ముక్క కోసం జార్జ్‌ని మరీ కడిగిన ముత్యంలా చేయాల్సిన అవసరం లేదు, తప్పు చేసిన తండ్రిని కూడా కొడుకు క్షమించగలడు, అది ఇంకా కష్టమైన కథ అయ్యేది. అయినా ఈ అతుకు వల్ల ఒక పదునైన విషయం మాత్రం దక్కింది. పిల్లలు కళ్లారా చూసిందే సాక్ష్యం అనుకుంటారు, అడగరు, పెద్దవాళ్లు కూడా సిగ్గుతో వివరించరు. ఒక పొరపాటు చూపు మీద కట్టుకున్న కోపం, చనిపోయిన మనిషి మీద దశాబ్దాలు నిలబడిపోతుంది. ఏం జరిగిందో ప్రేక్షకులకి తెలుసు, జార్జ్‌కీ మేరీకీ తెలుసు. తలుపు మూడుసార్లు కొట్టేవాడికి తప్ప.

2024 మే 9న వచ్చిన ఎపిసోడ్ చివర్లో కుటుంబమంతా ముస్తాబై ఫోటో దిగడానికి జార్జ్ కోసం ఎదురుచూస్తుంటుంది. షెల్డన్ పై చదువుకి కాలిఫోర్నియా వెళ్లిపోయేలోపు ఒక ఫోటో ఉండాలని మేరీ కోరిక. తలుపు దగ్గరికి స్కూల్ ప్రిన్సిపల్, తోటి కోచ్ వస్తారు. జార్జ్‌కి గుండెపోటు, ఇక లేడు. అతను పోతాడని ప్రేక్షకులకి మొదటి రోజు నుంచీ తెలుసు, పద్నాలుగేళ్లకి తండ్రి పోయాడని పెద్ద సీరియల్ ఎప్పుడో చెప్పేసింది. తెలిసీ ఆ వార్త అంత గట్టిగా తగలడానికి కారణం, ఆ ఉదయం జార్జ్ పనికి బయల్దేరేటప్పుడు ప్రత్యేకంగా ఏమీ జరగకపోవడం. అందరికీ వస్తానని చెప్పాడు, షెల్డన్ చదువుకుంటూ తల ఎత్తలేదు.

తర్వాతి ఎపిసోడ్ అంత్యక్రియలది. షెల్డన్ ఏడవడు. ఆ ఉదయాన్ని బుర్రలో మళ్లీ మళ్లీ నడుపుతాడు, ఒకసారి తల ఎత్తి బై చెబుతాడు, ఒకసారి ఇంకాసేపు ఉండమంటాడు, ప్రతిసారీ నాన్న వెళ్లిపోతూనే ఉంటాడు. ప్రయోగం తప్పితే షరతులు మార్చి మళ్లీ చేయడం అతనికి తెలిసిన పని, ఇక్కడ కూడా అదే చేస్తున్నాడు. అంత్యక్రియల్లో మాట్లాడటానికి లేచి నిలబడి, విశ్వం గురించీ స్టార్ ట్రెక్‌లోని స్పాక్ గురించీ చెప్పి, నాన్నంటే ఇష్టమని అంటాడు. కెమెరా వెనక్కి జరిగితే అతను లేవనే లేదు, అదంతా లోపలే జరిగింది. అప్పుడు ఏమీ మాట్లాడలేదని పెద్దయిన షెల్డన్ గొంతు ఒప్పుకుంటుంది. ఇన్ని ఎపిసోడ్ల వ్యాఖ్యానం ఎందుకో ఇక్కడ అర్థమవుతుంది. ఆ రోజు మాట్లాడనివాడు అప్పటినుంచీ మాట్లాడుతూనే ఉన్నాడు, ఈ కథంతా ఆ మాటే.

మేరీకి మాత్రం ఇలా తిరిగి చూసుకునే ఓపిక లేదు. ఆమె చర్చిలోకి ఇంకా లోతుకి వెళ్లిపోతుంది. పెద్ద సీరియల్‌లో కనిపించే కరడుగట్టిన భక్తురాలు మేరీ ఇక్కడే తయారైంది. మిగిలిన పిల్లలైనా స్వర్గంలో తనతో ఉండాలని, షెల్డన్‌నీ మిస్సీనీ బాప్తిస్మం తీసుకోమని వెంటపడుతుంది. ఇందులో ఒక మెలిక ఉంది, బాప్టిస్టుల పద్ధతి తెలియకపోతే అది జారిపోతుంది. క్యాథలిక్కుల్లా వీళ్లు పసిపిల్లలకి బాప్తిస్మం ఇవ్వరు. మనిషి ఎదిగి, తనంతట తాను నమ్మి, నోటితో ఒప్పుకున్నాకే నీళ్లలో ముంచుతారు. అందుకే పద్నాలుగేళ్లొచ్చినా ఈ కవలలకి అది జరగలేదు. ఇష్టం లేనివాడిని బతిమాలి ముంచితే మేరీ సొంత సిద్ధాంతం ప్రకారమే అది చెల్లదు. ఆమెకి ఇది తెలియదనుకోలేం. దుఃఖం ఆమెని తన సిద్ధాంతం అవతలికి తోసేసింది, కళ్ల ముందు ఉన్న ఇద్దరినీ ఎలాగోలా గట్టిగా పట్టుకోవాలి, అంతే.

షెల్డన్ ఒప్పుకుంటాడు. నమ్మకం రాలేదు, అమ్మ కోసం. కొందరికి ఇది నచ్చలేదు, నాస్తికుడిని నీళ్లలోకి దింపి మతాన్ని గెలిపించారని. దానికి సీరియల్‌లో ఆధారం లేదు, పెద్దయ్యాక కూడా అతను నాస్తికుడే. రెండో సీజన్లో మాటలతో చేసిన సాయాన్నే ఇప్పుడు ఒళ్లు తడుపుకుని చేశాడు. పైగా ఈసారి ఒక బాకీ కూడా వెంట ఉంది. నాన్న విషయంలో తల ఎత్తనివాడు అమ్మ అడిగినప్పుడు కాదనలేకపోయాడు. ప్రేమా, గిల్టీ ఫీలింగా అని విడదీయమంటే కష్టం, సీరియల్ విడదీయలేదు కూడా. ఆ చివరి ఎపిసోడ్‌లోనే పెద్ద షెల్డన్ ఈ జ్ఞాపకాలు రాసుకుంటూ, కొడుకు హాకీ ఆటకి వెళ్లే విషయంలో భార్య ఏమీతో వాదన పెట్టుకుంటాడు. కోచ్ కొడుక్కి ఆటలంటే ఇప్పటికీ పడదు.

అసలు మాట్లాడుకోవాల్సింది మిస్సీ గురించి, ఎవరూ పెద్దగా మాట్లాడుకోరు. ఆమె బాప్తిస్మానికి ఒప్పుకోదు. షెల్డన్ తలవంచడం తియ్యగా ఉంటుంది కాబట్టి కెమెరా అటు ఎక్కువ చూసింది, కానీ తండ్రికి ఆ ఇంట్లో బాగా దగ్గరైన పిల్ల ఈమే. బేస్‌బాల్ ఆడింది, నాన్నతో కూర్చుని టీవీ చూసింది, కోపం వస్తే నాన్న ట్రక్కు తీసుకుని ఇంట్లోంచి పారిపోయింది కూడా. తల్లి షెల్డన్ చదువు కోసం అతనితో జర్మనీలో ఉన్నప్పుడు ఇల్లు చూసుకున్నదీ ఆమే. అంతా మేధావి చుట్టూ తిరుగుతుంటే పక్కన నిలబడి చూసిన పిల్ల, ఉన్న ఒక్క అండా పోయాక, దేవుడు చూసుకుంటాడు అనే మాట వినే స్థితిలో లేదు. ఆమె కాదనడాన్ని మొండితనంలా చూపించారు, నిజానికి ఆ సిద్ధాంతాన్ని బాప్టిస్ట్ ఇంట్లో సరిగ్గా పాటించింది ఆమె ఒక్కతే. నమ్మలేదు, కాబట్టి నీళ్లలోకి దిగలేదు. ఆ కోపానికి షెల్డన్ జ్ఞాపకాల్లో చోటు తక్కువ. కథ చెప్పేవాడు కాలిఫోర్నియా వెళ్లిపోయాడు, ఇంట్లో తర్వాత ఏం జరిగిందో అతను చూడలేదు. 2024 అక్టోబర్‌లో మొదలైన జార్జీ, మ్యాండీల సీరియల్‌లో మిస్సీ అప్పుడప్పుడు కనబడుతోంది, బిగ్ బ్యాంగ్ థియరీలో ఉండి యంగ్ షెల్డన్‌లో లేని స్టూడియో ప్రేక్షకుల నవ్వులు కూడా అక్కడ తిరిగొచ్చాయి.